అద్దెకు వచ్చువారి పూర్వవృత్తాంతము

(వార్షిక మహాసభయందు గావించిన యుపన్యాసము)



విద్యానిధిని గూర్చియు, విద్యార్థి వేతనములను గూర్చియు పెద్దలు ప్రసంగించిన యీ వేదికమీద అద్దె యిండ్ల ముచ్చట యేల యని కొందరికి దోచవచ్చును. మనవారిలో ననేకులు ఊరిపొలము నమ్మియో, ఉద్యోగ విరమణకాలమున చేతికి వచ్చిన సొమ్ముతోనో హైదరాబాదునందో, విజయవాడయందో యొక యిల్లు గట్టుకొని, పైయంతస్తు నద్దెకిచ్చి, ఆ రాబడితో మందులును సరకులును కొనుక్కొనుచున్నారు. భర్తను గోల్పోయిన స్త్రీలు పలువురికి నదియే జీవనాధారము. అట్టి యింట అద్దె చెల్లింపనివాడు ప్రవేశించెనా, నోటికాడి కూడు పోయినట్లే. కావున నిది సంఘముయొక్క పనియే యని మనవి చేయుచున్నాను.

ఇల్లు ఖాళీగా నున్నదని బల్ల వ్రేలాడగట్టగానే వచ్చినవానిని మన మడుగునది యేమి? “మీరెవరండీ?” యని. ఆ ప్రశ్నకు అర్థమేమో అడుగువానికిని, అడుగబడువానికిని దెలియును. పిదప ఇంటిపేరు, ఊరు, బంధువులు. “మనవాడే” యని తేలెనా, విచారణ ముగిసినది, తాళపుచెవులు చేతికిత్తుము. కాడని తేలెనా, “నిన్ననే వేరొకరికి మాట యిచ్చితిమి” అందుము.

నే నెరిగిన యొక విశ్రాంత ఉపాధ్యాయిని యింట నిట్లే జరిగినది. ఆమెయొద్దకు ఒక యాసుపత్రి నర్సు వచ్చి, అయిదేండ్లు ఒకే యింట నుండి నెలనెల అద్దె చెల్లించిన లెక్కను చూపెను. ఆ మరునాడే “మనవాడు” ఒకడు ఎవరో దూరపుబంధువు పేరు చెప్పుకొని వచ్చెను. నర్సు తిరిగిపోయినది, మనవాడు దిగినాడు. మూడు నెలలు అద్దె యిచ్చి, పదునాలుగు నెలలు ఈయలేదు. పిమ్మట విచారింపగా, రెండు వీధుల యవతల నున్న పూర్వపు యింటిలోను ఆరునెలల అద్దెయు, కరెంటు బిల్లును ఎగవేసి వచ్చినవాడే యని తెలిసినది. ఒక్క ఫోను చేసియుండిన చాలును!

చరిత్ర నడుగుట యెట్లు? వచ్చినవారు కడపట కాపురమున్న రెండిండ్ల చిరునామాలు తీసికొనవలెను. ఇందు ముందటి యింటి యజమానికంటె అంతకుముందటి యజమాని మాట విలువైనది. ఏలయన, ఇప్పటి యజమాని పీడ విరగడయగుటకై చెడ్డవానిని పొగడవచ్చును. మంచివానిని పోనీయనొల్లక తెగడవచ్చును. విడిచి యేండ్లైనవానికి ఆ యక్కర లేదు. ఫోనులో మాటలాడునది నిజముగా యజమానియో, ఆ వచ్చినవాని బావమరిదియో తెలియుటకు, “అద్దె యెంత? ఏ యంతస్తు? ఎప్పుడు ఖాళీ చేసిరి?” యని అడిగి, వచ్చినవాడు చెప్పినదానితో పోల్చుకొనవలెను. వీలైనచో స్వయముగా పోయి రావలెను. ప్రక్కయింటివారు నాలుగు నిమిషములలో చెప్పునది నాలుగు కాగితములు చెప్పవు. అద్దె ఏ తేదీన నిచ్చువారు, బిల్లు బకాయిలు మిగిల్చిరా, పోవునప్పుడు ముందుగా చెప్పిరా, ఇవి యడిగి, తుదకు “మరల వచ్చిన నిత్తురా?” యని యడుగుడు. ఈ ప్రశ్నకు జవాబు చెప్పుటకు ముందు ఆ పెద్దమనిషి ఎంతసేపు తటపటాయించునో అది గమనింపుడు.

కాగితములలో మేలైనది బ్యాంకుద్వారా గాని, ఫోనుద్వారా గాని ఒక సంవత్సరము అద్దె చెల్లించిన జాబితా. అద్దె రసీదు వ్రాసికొనవచ్చును. బ్యాంకు లెక్కను కల్పించుట కొంత కష్టము. సిబిల్ అను సంస్థ 2000లో నేర్పడినది గాని, దాని లెక్కలు ముఖ్యముగా అప్పులు తీర్చిన తీరును దెలుపును; ఇంటియద్దె సంగతి దానివలన తెలియునని నమ్ముకొనరాదు. నగర పోలీసువారు అద్దెకున్నవారి వివరములు తెలుపుడని అప్పుడప్పుడు ఆజ్ఞలు చేయుదురు. పూర్వము క్రిమినల్ ప్రొసీజరు కోడు 144వ సెక్షను క్రింద నిట్టి యాజ్ఞలు వెలువడెడివి. 2024 జూలై 1 నుండి భారతీయ నాగరిక సురక్షా సంహిత 163వ సెక్షను ఆ స్థానమున నున్నది. ఆ విచారణ నేరములకు సంబంధించినది. అద్దె యెగవేత దానిలో దొరకదు.

చరిత్ర లేనివారిని చెడ్డచరిత్ర గలవారిగా తలంపరాదు. ఊరినుండి క్రొత్తగా వచ్చిన విద్యార్థికిని, పుట్టినిల్లు విడిచి తొలిసారి వేరుకాపురము పెట్టిన స్త్రీకిని పూర్వపు యజమాని యెక్కడ నుండును? అట్టివారియొద్ద ఒక హామీదారును, రెండు నెలల యడ్వాన్సును దీసికొనిన చాలును. కేంద్రప్రభుత్వమువారు 2021లో ప్రకటించిన నమూనా అద్దె చట్టమున గూడ నివాసగృహమునకు అడ్వాన్సు రెండు నెలలు మించరాదని యున్నది. అయితే అది యే రాష్ట్రము స్వీకరించిన ఆ రాష్ట్రముననే చెల్లును. పూర్వపు యజమానితో తగవుపడి వచ్చినవాని మాటయు వినుడు. తుదినెల యద్దె యెగ్గొట్టినాడని చెప్పబడువాడు, అడ్వాన్సు తిరిగి రాదను భయముతో దానిని మినహాయించుకొనియుండవచ్చును. గోడలకు రంగుల ఖర్చని ఒక నెల యద్దె కోసికొనువారు మనలో నెందరు లేరు? మనకును చరిత్ర యున్నది. వచ్చువారు దానిని విచారించుచునే యున్నారు.

ఇంత శ్రమ యేల యందురా? ఇంటిలో దిగినవానిని వెడలించుట కష్టము గనుక. సంవత్సరము మించిన కరారును 1908 నాటి రిజిస్ట్రేషను చట్టము ననుసరించి రిజిస్టరు చేయింపవలెను. అందువలననే మనవారు పదునొకండు నెలలకు వ్రాయించుచున్నారు. నెలవారీ యద్దెకు, వేరు కరారు లేనిచోట, 1882 నాటి ఆస్తిబదలాయింపు చట్టమున పదునైదు దినముల నోటీసు చాలును గాని, నోటీసు అందుకొని కదలనివానిని కోర్టు మూలముననే కదలింపవలెను. కరెంటు దీసివేయుట, తాళము వేయుట తగవు గాదు, కోర్టువారు సహింపరు.

అమెరికాలో నిండ్లు కొని అద్దెకిచ్చుచున్న మనవారు ఇచ్చట కొందరున్నారు. అచ్చట ఇట్టి చరిత్రలను కూర్చి యమ్ము సంస్థలే యున్నవి. 1970 నాటి చట్టము ప్రకారము ఆ నివేదికను బట్టి ఇల్లు నిరాకరించిన యజమాని ఆ సంగతిని వచ్చినవానికి దెలిపి, నివేదిక నిచ్చిన సంస్థ పేరు చెప్పవలెను. తప్పున్న వాడు సవరింపజేసికొనవచ్చును. జాతిని బట్టి, మతమును బట్టి నిరాకరించుటను సాధారణముగా 1968 నాటి చట్టమే నిషేధించినది. అచ్చట నీ నియమములను శ్రద్ధతో పాటించు మనబిడ్డలు, ఇచ్చటి యింటి విషయమున “మీరెవరండీ” యని యడుగుట నాకు వింతగా నున్నది.

ఈ ప్రశ్నవలన బాధపడినవారు దేశమున నెందరో. కొలంబియా విశ్వవిద్యాలయమున చదివివచ్చిన అంబేడ్కరుగారు 1917లో బరోడా సంస్థానమున నుద్యోగమునకు పోగా, వారికి ఉండుటకు చోటు దొరకలేదు. పార్సీల సత్రమున దలదాచుకొనగా కర్రలు పట్టుకొని వచ్చి వెడలగొట్టిరి. ఆయన యద్దె యెగవేయునని కాదు. మన తెలుగునాట 1918లో హైదరాబాదున రెడ్డి హాస్టలు వెలసినది పల్లెలనుండి చదువుకై వచ్చిన పిల్లలకు నగరమున నిలువనీడ కావలసియే గదా. కులసంఘముల వసతిగృహములు పెక్కింటికి మూలము ఈ కొరతయే. ఆ కొరతనుండి పుట్టిన మనము దానిని ఇతరులకు పంచుట యేమి న్యాయము?

ఎగవేతదారుల పేర్లు వాట్సాపులో త్రిప్పుదమని జిల్లాశాఖవారొకరు సూచించిరి. నే నొడంబడను. ఒకని కోపముతో వ్రాసిన పేరు తుడుచుట కెవరును రారు. పరువునష్టపు దావా మాత్రము వచ్చును. దానికి బదులు ఒక పుట విచారణపత్రమును సిద్ధపరచి కార్యదర్శిగారి కిచ్చితిని. అందు పూర్వపు యిండ్లు రెండు, యజమానుల ఫోనులు, అద్దె చెల్లించిన తీరు, ఉద్యోగము, హామీదారు, విచారించుటకు వచ్చినవారి సమ్మతిసంతకము ఉన్నవి. కులమునకు గడి లేదు. ఆధార్ నకలు కావలసినచో మొదటి యెనిమిది అంకెలు మరుగుపరచినదే పుచ్చుకొనుడు; ఇల్లు ఈయనిచో కాగితములన్నియు తిరిగి యిచ్చివేయుడు. ప్రతులు భోజనశాల ప్రక్కనున్న కార్యాలయమున దొరకును. సాయంకాలపు సమావేశమునకు ముందుగా సవరణలను వ్రాసి యిచ్చినచో, అచ్చునకు పంపునప్పుడు చేర్తుము.