వేరుశనగ ఆకు నుండి మనిషి కండరం దాకా



పావగడ ప్రాంతానికి వాన తక్కువ, ఎండ ఎక్కువ. ఆ ఎండను ఆధారం చేసుకొని తిరుమణి పరిసరాలలో 2018లో సౌరవిద్యుత్ కేంద్రం ప్రారంభమైంది. ఐదు గ్రామాల రైతులు కౌలుకిచ్చిన సుమారు 13,000 ఎకరాలలో అది విస్తరించి, 2,050 మెగావాట్ల సామర్థ్యాన్ని సంతరించుకొన్నది. అంతకు ఎంతో ముందునుండే ఈ నేల మీద సూర్యశక్తిని ఒడిసిపడుతున్నది వేరుశనగ ఆకు.

ఆకు కణాలలో హరితరేణువులు ఉంటాయి. వాటిలోని పత్రహరితం వెలుగును గ్రహిస్తుంది. ఆ శక్తితో నీటి అణువు చీలి ఆక్సిజన్ వెలువడుతుంది. గాలిలోని కార్బన్ డై ఆక్సైడ్ చక్కెరగా మారుతుంది. అందులో కొంత గింజలో నూనెగా నిలువ ఉంటుంది. వాన ముఖం చాటేసినప్పుడు మొక్క తనలోని నీటిని కాపాడుకొనేందుకు పత్రరంధ్రాలను మూసుకొంటుంది. అప్పుడు కార్బన్ డై ఆక్సైడ్ లోనికి చాలినంత రాదు. ఎండ ఎంత కాసినా కాయ ఊరదు. ఈ తాలూకా రైతుకు ఇది అనుభవైకవేద్యం.

ఆ గింజను తిన్న మనిషిలో శక్తిని విడదీసేవి మైటోకాండ్రియాలు. ఆక్సిజన్ సహాయంతో అవి ఆహారాన్ని అంచెలంచెలుగా దహిస్తాయి. మైటోకాండ్రియాలు జంతువులకే ఉంటాయని కొందరు విద్యార్థులు భావిస్తారు. అది పొరపాటు. మొక్కలోనూ అవి రేయింబవళ్లు పనిచేస్తాయి. వెలుగు సోకని వేరు బ్రతికేది వాటివల్లనే.

హరితరేణువూ, మైటోకాండ్రియా రెండూ తయారుచేసే శక్తి పదార్థం ఒక్కటే, ఏటీపీ. పొరకు ఒకవైపు హైడ్రోజన్ అయాన్లు చెరువులో నీటివలె నిండి, తూము వంటి దారిలో దిగుతూ ఒక సూక్ష్మచక్రాన్ని త్రిప్పుతాయి. ఆ భ్రమణంతోనే ఏటీపీ తయారవుతుంది. ఈ మూలసూత్రాన్ని 1961లో ప్రతిపాదించిన పీటర్ మిచెల్‌కు 1978లో నోబెల్ బహుమతి లభించింది.

అసలు ఏటీపీని కనుగొన్నవారిలో ఒకరు భీమవరంలో జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1929లో ఆయన ఈ విషయాన్ని వెల్లడించారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా స్వతంత్రంగా దానిని కనుగొన్నారు. ఆ సుబ్బారావు మెట్రిక్యులేషన్‌లో రెండుసార్లు తప్పి, మూడవ ప్రయత్నంలో ఉత్తీర్ణుడైన విద్యార్థి.

పరీక్ష తప్పిన పిల్లవానిని బడి మాన్పించాలని తలచే తల్లిదండ్రులు ఈ సంగతి ఒక్కసారి గుర్తుచేసుకోవాలి. బీజంలో దాగిన శక్తి పైకి కనిపించదు. తడి తగిలితే మొలకెత్తుతుంది. ఆ తడి అందించవలసిన బాధ్యత ఇంటిది, బడిది.