ఒకే పెట్టెలో రెండు కాపురాలు



ఇంట్లో కంప్యూటరు ఉందంటే అది పిల్లల వస్తువనీ, దాంతో మనకు పనిలేదనీ అనుకోవడం మనలో చాలామందికి అలవాటు. కానీ ఒక్కసారి ఆలోచించండి. అమ్మాయి పెళ్ళి ఫోటోలు, మనవడి పుట్టువెంట్రుకల వీడియో, ఇంటిపన్ను రశీదులు, చీటీల లెక్కలు ఎక్కడున్నాయి? ఆ పెట్టెలోనే. బీరువా తాళాలు మన కొంగున ఉన్నప్పుడు, ఈ పెట్టె సంగతి మాత్రం మనకెందుకు తెలియకూడదు?

మన తిరుపతి చదువుల ఊరు. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఉంది, పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయం ఉంది, 2015లో ఐ.ఐ.టి. కూడా వచ్చింది. ఇటు చిత్తూరు దాకా చూసినా ఇంజనీరింగు చదివే పిల్లలు లేని వీధి అరుదు. ఆ పిల్లలు సెలవులకు ఇంటికొచ్చి, "అమ్మా, మన కంప్యూటర్లో విండోస్ పక్కనే లినక్స్ కూడా పెడతాను" అంటారు. పైగా విండోస్ 10కి కంపెనీవారి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. చాలా పాత యంత్రాలకు విండోస్ 11 పట్టదు. అందుకని పాత పెట్టెను పారెయ్యకుండా లినక్స్‌తో నడుపుకుందామనే ఇళ్ళు కూడా ఉన్నాయి.

లినక్స్ అంటే కంప్యూటరును నడిపించే మరొక వ్యవస్థ. 1991లో ఫిన్లండు దేశంలో లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి దానికి అంకురార్పణ చేశాడు. ఇందులో ఉబుంటు వంటి రకాలు పైసా ఖర్చు లేకుండా దొరుకుతాయి. మన తెలుగువారిలో 'స్వేచ్ఛ' అనే సంస్థ దీన్ని తెలుగులోకి తేవడానికి ఎంతో కృషి చేసింది.

ఒకే యంత్రంలో రెండు వ్యవస్థలుంటే దాన్ని డ్యూయల్ బూట్ అంటారు. కొండకు అలిపిరి నుంచీ మెట్లున్నాయి, శ్రీవారి మెట్టు నుంచీ ఉన్నాయి. ఏ దారిన ఎక్కాలో కిందనే నిర్ణయించుకోవాలి కదా! ఇక్కడా అంతే. కంప్యూటరు వేయగానే "విండోసా, లినక్సా?" అని అడుగుతుంది. రెండూ ఒకేసారి నడవవు.

ఇది లోపల ఎలా అమరుతుందో చెబుతాను. అన్నదమ్ములు మిద్దెను రెండు వాటాలు చేసుకుంటే మధ్యన గోడ లేస్తుంది గానీ, వీధివాకిలి ఒక్కటే ఉంటుంది. కంప్యూటరు డిస్కులో ఆ వాటాను పార్టిషన్ అంటారు. లినక్స్ వచ్చీ రాగానే వీధివాకిట్లో తన కాపలావాణ్ణి నిలబెడుతుంది. అతని పేరు గ్రబ్. వచ్చినవాళ్ళను ఏ వాటాకని అడిగి పంపేది అతనే. అయితే అతని సామాను చాలావరకు లినక్స్ వాటాలోనే ఉంటుంది. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. చివర్లో దీంతోనే పని.

వాటాలు వేసేముందు చేయవలసినవి కొన్నున్నాయి. మొట్టమొదట మీ ఫోటోలు, కాగితాలు అన్నీ విడిగా ఒక బయటి డిస్కులోకి ఎక్కించి, రెండు మూడు తెరిచి చూసుకుని, ఆ డిస్కును బీరువాలో పెట్టండి. ఇది కాకుండా అబ్బాయిని మౌసు ముట్టుకోనివ్వకండి.

రెండోది, బిట్‌లాకర్ అనే తాళం. ఈ మధ్య కంప్యూటర్లలో ఇది మనకు తెలియకుండానే వేసి ఉండవచ్చు. దీనికి 48 అంకెల రికవరీ కీ ఉంటుంది. మైక్రోసాఫ్ట్ ఖాతాలో వెతికితే సాధారణంగా దొరుకుతుంది. అలిపిరిలో సామాను అప్పగిస్తే రశీదు ఇస్తారే, అలాంటిదిది. దాన్ని కాగితం మీద రాసి దాచండి. కంప్యూటరు అమరికలు మార్చినప్పుడు ఒక్కోసారి ఈ అంకెలు అడుగుతుంది. అప్పుడవి లేకపోతే మన సొత్తు మనకే దక్కదు.

మూడోది, విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ అనే సౌకర్యాన్ని ఆపించాలి. అది ఉంటే విండోస్ పూర్తిగా ఆరిపోదు, సగం నిద్రలో ఉంటుంది. సిమ్‌లో పాలు పెట్టి గడియ వేసుకుని వెళ్ళినట్టన్నమాట! ఆ సమయంలో లినక్స్ వచ్చి విండోస్ వాటాలో ఏదైనా రాస్తే అక్కడి సామాను పాడయ్యే ప్రమాదం ఉంది.

ఇక పని మొదలుపెట్టవచ్చు. విండోస్‌లోనే డిస్క్ మేనేజ్‌మెంట్ అనే చోట 'ష్రింక్ వాల్యూమ్' నొక్కితే సి డ్రైవు కొంత కుదించుకుని ఖాళీ ఇస్తుంది. ఉబుంటుకు కనీసం 25 జీబీ కావాలి. యాభై అరవై ఇస్తే ఇరుకు ఉండదు. ఎంత ఇచ్చారో ఒక కాగితం మీద రాసుకోండి. పిల్లలు లినక్స్‌ను పెన్‌డ్రైవులోకి ఎక్కించి తెస్తారు. ఆ పెన్‌డ్రైవులో అంతకుముందున్నదంతా చెరిగిపోతుంది గనుక పనికొచ్చేవి ముందే తీసెయ్యండి. దాన్ని పెట్టి కంప్యూటరు వేస్తే, ఏమీ ఎక్కించకుండానే వాడిచూసే వీలు కూడా ఉంది. ఒక పూట అలా చూసి, ప్రింటరు, వైఫై పనిచేస్తున్నాయో లేదో తేల్చుకోండి.

నచ్చితే ముందుకు వెళ్ళవచ్చు. ఒక దశలో తెర మీద రెండు దారులు కనిపిస్తాయి. 'ఇన్‌స్టాల్ అలాంగ్‌సైడ్' అంటే విండోస్ పక్కన చేరడం. 'ఎరేజ్ డిస్క్' అంటే మొత్తం తుడిచెయ్యడం. ఆ తెర వచ్చినప్పుడు వంటింట్లో పోపు మాడినా సరే, వచ్చి పిల్లల పక్కన నిలబడి చూడండి! మధ్యలో కరెంటు పోతే చిక్కే గనుక, ల్యాప్‌టాప్ అయితే ఛార్జరు తగిలించి, డెస్క్‌టాప్ అయితే యు.పి.ఎస్. ఉంచి చేయించండి.

తర్వాత విండోస్‌లో గడియారం అయిదున్నర గంటలు తేడా చూపితే కంగారు పడకండి. లినక్స్ యంత్రంలోని గడియారాన్ని ప్రపంచ ప్రామాణిక కాలానికి ఉంచుతుంది. విండోస్ దాన్నే మన సమయం అనుకుంటుంది. లినక్స్‌లో ఒక్క ఆజ్ఞతో సరిచేయవచ్చు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. పిల్లల చదువైపోయింది, ఉద్యోగానికి బెంగుళూరు వెళ్ళారు, లినక్స్ వాటా ఊరికే చోటు తింటున్నది, తీసేద్దామనుకున్నారు. పెట్టేటప్పటి కంటే తీసేటప్పుడే జాగ్రత్త ఎక్కువ కావాలి. చాలామంది ఏం చేస్తారంటే, నేరుగా విండోస్‌లోకి వెళ్ళి లినక్స్ వాటాను చెరిపేస్తారు. కాపలావాడి సామాను అందులోనే ఉందని చెప్పానే! మర్నాడు కంప్యూటరు వేస్తే నల్లని తెర మీద 'గ్రబ్ రెస్క్యూ' అని కనబడుతుంది. గుండె గుభేలుమంటుంది.

అందుకని వరస తప్పకండి. మొదట, లినక్స్‌లో దాచుకున్నవి బయటి డిస్కులోకి తీసుకోండి. మామూలుగా విండోస్‌కు లినక్స్ వాటా చదవడం రాదు, తర్వాత అనుకుని లాభం లేదు. రెండోది, కంప్యూటరు వేయగానే యంత్రాన్ని బట్టి ఎఫ్2 గానీ డిలీట్ గానీ నొక్కి, బూట్ వరసలో 'విండోస్ బూట్ మేనేజర్'ను అన్నిటికంటే పైన పెట్టండి. ఒకటికి రెండుసార్లు ఆర్పి వేసి, ఏమీ అడగకుండా నేరుగా విండోస్ వస్తున్నదో లేదో చూసుకోండి. వస్తే వాకిలి విండోస్ చేతికి వచ్చినట్టే. మూడోది, అప్పుడు మాత్రమే డిస్క్ మేనేజ్‌మెంట్‌లో లినక్స్ వాటాను తీసెయ్యండి. మీరు రాసుకున్న కొలత ఇక్కడ అక్కరకొస్తుంది. దాని చుట్టుపక్కల 'ఈఎఫ్ఐ సిస్టమ్' అనీ, 'రికవరీ' అనీ చిన్న చిన్న వాటాలుంటాయి. వాటి జోలికి పోకండి.

నాలుగోది, వచ్చిన ఖాళీని 'ఎక్స్‌టెండ్ వాల్యూమ్'తో సి డ్రైవులో కలపడం. ఖాళీ స్థలం సి డ్రైవును ఆనుకుని కుడివైపున ఉంటేనే ఇది కుదురుతుంది. మధ్యలో ఇంకో వాటా అడ్డముంటే దాన్ని తీసెయ్యకండి. ఖాళీనే కొత్త డ్రైవుగా చేసుకుని ఫోటోలకు వాడుకోండి. మరీ పాత యంత్రాల్లో ఈ 'విండోస్ బూట్ మేనేజర్' వరస కనిపించదు. వాటిలో కాపలావాడు డిస్కు మొదట్లోనే కూర్చుని ఉంటాడు. అలాంటప్పుడు విండోస్ మరమ్మత్తు పెన్‌డ్రైవు ముందే తయారుచేసుకుని, దాంతో తెలిసినవారి చేత వాకిలి సరిచేయించాలి.

ఒకవేళ తొందరపాటుతో ఎవరైనా వరస తప్పించి, ఆ నల్లతెర వచ్చిందనుకోండి. దుకాణానికి తీసుకెళితే "ఫార్మాట్ కొట్టేద్దామమ్మా, అరగంట పని" అనవచ్చు. ఒప్పుకోకండి! ఫార్మాట్ చేస్తే ఫోటోలు పోతాయి. విండోస్ వాటాను ముట్టుకోకుండా ఉంటే అందులోని సామాను అలాగే ఉంటుంది. పోయింది కాపలావాడు మాత్రమే. "ముందు బూట్ వరసలో విండోస్ పెట్టి చూడండి, లేదంటే మరమ్మత్తు పెన్‌డ్రైవుతో సరిచేయండి, ఫైళ్ళు ముట్టుకోవద్దు" అని గట్టిగా చెప్పండి. ఆ ఒక్క మాట చెప్పగలిగితే చాలు, మీ ఇంటి పదేళ్ళ జ్ఞాపకాలు నిలబడతాయి.

పని పిల్లలే చెయ్యనివ్వండి, తప్పులేదు. కానీ రికవరీ అంకెలున్న కాగితం, వాటా కొలత, బయటి డిస్కు - ఈ మూడూ మాత్రం మీ బీరువాలో ఉండాలి. పిల్లలు రేపు ఎక్కడికైనా వెళతారు. పెట్టె మీ ఇంట్లోనే ఉంటుంది.

సెలవు.