వ్రేళ్ల తీర్పు



పందొమ్మిదవ శతాబ్ది మధ్యమున ఇంగ్లండులో అంధులకు పుస్తకములు లేకపోలేదు. ఉబ్బెత్తు లిపులు మాత్రము పెక్కు. ఒక లిపి నేర్చినవాడు వేఱొక లిపి పుస్తకము చదువలేడు. చూపుగల దాతలు పలువురు తాము చదువగల రోమను అక్షరములనే ఉబ్బెత్తుగా అచ్చు వేయించుచుండిరి. అవి కంటికి ఇంపే, వ్రేళ్లకు కష్టము.

చూపు క్షీణించి వైద్యవృత్తి మానిన థామస్ ఆర్మిటేజి 1868లో లండనున కొందఱు అంధులతో ఒక సంఘమును స్థాపించెను. నేటి రాయల్ నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ బ్లైండ్ పీపుల్ అదియే. లిపిని నిర్ణయించువారికి విధించిన నిబంధనలు గమనింపదగినవి. వారు అంధులై యుండవలెను. మూడు లిపులనైన వ్రేళ్లతో చదువగలిగి యుండవలెను. ఏ లిపివలనను ధనలాభము పొందువారు కారాదు. కమిటీలు వేయు పెద్దలు ఈ మూడవదానిని మఱల చదువవచ్చును!

1870లో వారు ఫ్రెంచి అంధుడు లూయీ బ్రెయిలు కల్పించిన ఆఱుచుక్కల లిపిని ఎన్నుకొనిరి. బ్రెయిలు గతించి అప్పటికి 18 ఏండ్లు.

లిపి కుదిరినను, బరువును వెలయు హెచ్చైన ఆ గ్రంథములను కొనగలవారెందఱు? 1882లో మార్తా ఆర్నాల్డు అను అంధమహిళ హాంప్‌స్టెడ్‌లో ఎరువు పుస్తకముల గ్రంథాలయమును తెఱచెను. అది పెరిగి జాతీయ అంధ గ్రంథాలయమై, 2007లో ఆర్మిటేజి సంఘమున కలిసెను. 1951 నాటి భారతీ బ్రెయిలు మూలమున తెలుగును అంధులు చదువుచున్నది ఆ ఆఱు చుక్కలతోనే.