ఐరోపాకు శీతల ఫలముల వాణిజ్యము
(వార్షిక మహాసభయందు చేసిన ప్రసంగపాఠము)



ముప్పదియైదు సంవత్సరములు బాలురకు శబ్దములును, సమాసములును బోధించిన మమ్ము వాణిజ్యమునుగూర్చి ప్రసంగింపుమని కార్యనిర్వాహకవర్గమువారు కోరుట కొందఱికి వింతగా తోచవచ్చును. కారణ మెఱిగినవారును ఈ సభలో గలరు. మా పూర్వశిష్యుడొకడు హాలండు దేశమున రాటర్‌డాము నగరమందు స్థిరపడి, నూజివీడు ప్రాంతపు మామిడిపండ్లను ముక్కలుగా గడ్డకట్టించి అచటికి దిగుమతి చేసికొన బూనినప్పుడు, మా మాటపై మన సంఘీయులు పలువురు పెట్టుబడి నిచ్చిరి. మొదటి కంటైనరే వ్యర్థమైనది. ఆ ధనమునకు మేము పూచీపడకపోయినను, మాటకు పూచీపడినవారమే. కావున జరిగినదియు, దానివలన నేర్చికొన్నదియు మనవి చేయుట మా విధి.

మొదట ఈ మార్గ మేల తోచెనో చెప్పుదుము. ఐరోపాలో తాజా పండునకు ద్వారము ఇఱుకు. పండు ఈగలు కనబడినందున 2014 మే 1 మొదలుకొని భారతదేశపు మామిడిపండ్లను ఐరోపాసమాఖ్య నిషేధించెను. 2015 ఆరంభమున ఆ నిషేధము తొలగెను. 2019 డిసెంబరు 14 నుండి అరటి, అనాస, కొబ్బరి, ఖర్జూరము, డ్యూరియను తప్ప తక్కిన తాజా పండ్లన్నిటికిని సస్యారోగ్యపత్రము ఉండవలయునను నియమ మేర్పడెను. గడ్డకట్టిన పండును మాత్రము ఆ శాసనము తాజా పండుగా లెక్కింపదు. ఇది చూచి మార్గము సుగమమని మేము భ్రమించితిమి.

పండ్లను కడిగి, చెక్కు తీసి, ముక్కలు తఱిగి, సున్నకు ముప్పది నలువది డిగ్రీలు దిగువనున్న చలిగాలిలో వేగముగా గడ్డకట్టింతురు. నెమ్మదిగా గడ్డకట్టినచో లోపలి నీరు పెద్ద పలుకులై కణముల గోడలను చీల్చును. కరగినప్పుడు ముక్క ముద్దయగును. వేగమున పలుకులు సన్నములగును, ముక్క చెడదు. అమెరికావాసియగు క్లారెన్సు బర్డ్స్‌ఐ లాబ్రడారు మంచుసీమలో చేపలు చూచుచుండగనే గడ్డకట్టుట గమనించి, 1920ల దశాబ్దమున ఈ పద్ధతిని వర్తకమునకు దెచ్చెను. పిమ్మట సరకు సున్నకు 18 డిగ్రీల దిగువనే యుండవలయునని ఐరోపావారి 1989 నాటి శాసనము. ప్రయాణములో స్వల్పకాలము మూడు డిగ్రీలు పెరిగినను సహింతురు. అంతకు మించి సహింపరు. ఛందస్సులో ఒక్క గురువు హెచ్చినను పాదము చెడునట్లే ఇదియును.

ఇచట మేము పొరబడితిమి. "మంచులో రోగ మెక్కడిది? గడ్డకట్టినది శుద్ధమైనదే" యని పలువురతో చెప్పితిమి. అది తప్పు. 2012 శరత్కాలమున జర్మనీ తూర్పు ప్రాంతములలో సుమారు 11,000 మంది, అందు బడిపిల్లలు పెక్కండ్రు, వాంతులతోను విరేచనములతోను బాధపడిరి. చీనానుండి వచ్చిన గడ్డకట్టిన స్ట్రాబెర్రీలలోని నోరోవైరసు దానికి కారణమని తేలెను. మఱుసటి సంవత్సరము ఇటలీయందు గడ్డకట్టిన బెర్రీల మిశ్రమమువలన హెపటైటిస్-ఏ యను కామెర్ల వ్యాధి వ్యాపించెను. మలినమైన నీరు, కడుగని చేయి ఈ క్రిములను పండునకు అంటించును. చలి వానిని చంపదు, నెలలకొలది భద్రపఱచును. హిమము నిలుపును గాని శుద్ధి చేయదు. దానికి మన మేమి యప్పగింతుమో దానినే అది తిరిగి యిచ్చును.

మా శిష్యుని సరకునకు పట్టిన దోషము పురుగుమందు. రాటర్‌డాములో కొనువారు పరీక్షింపగా ఒక మందు అవశేషము హద్దు మీఱియుండెను. వేఱుగా హద్దు చెప్పబడని మందునకు అచట కిలో పండునకు 0.01 మిల్లీగ్రాము మాత్రమే అనుమతి. అనగా నూఱు టన్నులకు ఒక్క గ్రాము! హద్దులును మాఱుచుండును. క్లోర్‌పైరిఫాస్ అను మందునకు 2020 జనవరిలో అనుమతి రద్దుకాగా, ఆ నవంబరునుండి పంటలన్నిటికిని ఈ కనిష్ఠపు హద్దే వర్తించెను. మన తోటవారు ఏనాడు ఏమి చల్లిరో వ్రాసికొనలేదు. మేమును అడుగలేదు.

అచటి 2002 నాటి ఆహారశాసనము ప్రకారము వర్తకుడు సరకు ఎవరియొద్ద కొనెనో, ఎవరికి అమ్మెనో చూపగలిగియుండవలయును. విపణిలో బెట్టిన సరకు హానికరమని తోచినచో తానే అధికారులకు తెలుపవలయును. అయినను ఒక మధ్యవర్తి, "కొంచెము కొంచెముగా చిల్లరగా అమ్మివేయుద" మని సలహా చెప్పెనట. ఆ రాత్రి శిష్యుడు మాకు ఫోను చేసి, "మేష్టారూ, ఇది మీరు నలుగురిచేత ఇప్పించిన సొమ్ము. ఏమి చేయమందురు?" అని యడిగెను. వెంటనే ఉత్తరము చెప్పలేకపోతిమి. ఆ సొమ్ములో ఒక వితంతువు దాచుకొన్నదియు గలదు. తెల్లవాఱినపిమ్మట ఇట్లంటిమి: "నాయనా, నీ బిడ్డకు పెట్టదగినదైనచో అమ్ముము, కానిచో అమ్మకుము." అతడు అధికారులకు తెలిపి సరకు నంతయు నాశనము చేయించెను. ఇప్పుడు ఉద్యోగము చేయుచు, నెలనెల ఆ తల్లి ఋణము మొదట తీర్చుచున్నాడు. తక్కినవారికి ఇంకను రావలసియున్నది. దానిని మేము దాచము.

ఈ వాణిజ్యము వలదని మా తాత్పర్యము కాదు. పూనువారు తోటయందు మందు చల్లిన దినము, మోతాదు వ్రాయింపుడు. ఓడ యెక్కించుటకు ముందే సరకు పరీక్ష చేయింపుడు. కంటైనరులోని ఉష్ణోగ్రత లెక్కను భద్రపఱచుడు. అన్నిటికంటె ముందు చెక్కు తీయు కూలిస్త్రీలకు మంచినీరు, సబ్బు, మఱుగుదొడ్డి కల్పింపుడు. విరేచనములు పట్టినదినమున కూలి పోవునను భయముతో ఆమె పనికి వచ్చినచో, దోషము ఆమెది కాదు. కూలితో సెలవీయని యజమానిది.

పోషకులకు ఒక విన్నపము. క్రొత్తగా ఎగుమతికి బూనిన మన యువకుల తొలి సరకు పరీక్షల వ్యయమునకై సంఘనిధిలో కొంత ప్రత్యేకింపుడు. ఆ నిధికి మా పింఛనునుండి మొదటి చందా నేడే కోశాధికారిగారికి సమర్పించుచున్నాము. మా మాటవలన నష్టపడినవారు మమ్ము క్షమింతురుగాక. స్వస్తి.