గద్దెల చుట్టూ అడవి

రెండేళ్లకోసారి, మాఘ పౌర్ణమి వేళ, వరంగల్ బస్సులన్నీ సమ్మక్క, సారలమ్మ అమ్మవార్ల జాతరకు మేడారం బాట పడతాయి. అక్కడ గుడి గోపురం లేదు, విగ్రహం లేదు. సమ్మక్కను కోయ పూజారులు చిలకలగుట్ట నుంచి కుంకుమ భరిణె రూపంలో తెస్తారు. గద్దె మీద నిలిపేది కంకవనం, అంటే వెదురు. సారలమ్మ కన్నెపల్లి నుంచి వస్తుంది. మొక్కు బెల్లం, దాన్నే బంగారం అంటారు. గుట్ట, వెదురు, జంపన్న వాగు నీళ్లు, ఇవే ఆ కొలువు. అందుకే అడవిని కాపాడుకోవడం కూడా అమ్మకు చేసే పూజే అంటాను.

1996లో రాష్ట్ర పండుగ అయిన జాతర ఇది. నాలుగు రోజుల్లో లక్షల మంది వచ్చిపోతారు. చెట్ల కింద బెల్లం జిగురంటిన ప్లాస్టిక్ కవర్లు మిగులుతాయి. తీపి వాసనకు పశువులు కవరుతో సహా మింగేస్తాయి. అది అరగదు, పొట్టలో ఉండచుట్టుకుని మేత సాగనివ్వదు. అమ్మ అడవిని అలా వదిలి రావడానికి నాకు మనసొప్పదు. బెల్లం గుడ్డసంచిలో తీసుకెళ్లండి. పొయ్యిలోకి పచ్చికొమ్మ నరకకండి. వాగు స్నానానికి సబ్బు, షాంపూ వద్దు. ఖాళీ కవర్లు బస్సెక్కే ముందు మీ సంచిలోనే వేసుకోండి.