నెలలు నిండని బిడ్డలు – ఆటిజం



మేము డాక్టర్లము కాము, ఉపాధ్యాయులము. అయినా ఈ విషయం మా తరగతి గదిలోనే మా కంటబడింది. పేరు పెట్టి పిలిచినా తిరిగి చూడని ఒక పిల్లవాణ్ణి జిద్దీ అనుకొని గోడవైపు నిలబెట్టినాము. తల్లి వచ్చి, “సార్, వీడు సత్వాంసా, ఏడో నెలలో పుట్టినాడు, మాట కూడా ఆలస్యం” అన్నది. ఆసుపత్రిలో చూపిస్తే ఆటిజం అని తేలింది. మా శిక్ష అప్పటికే జరిగిపోయింది. ఆ సిగ్గుతోనే ఈ నాలుగు మాటలు.

37 వారాలు నిండక ముందే పుట్టినవారిని నెలలు నిండని బిడ్డలంటారు. కడుపులో ఆఖరి వారాల్లో మెదడు చాలా వేగంగా పెరుగుతుంది. స్వీడన్‌లో 1973 నుండి 2013 వరకు పుట్టిన 40 లక్షల మందికి పైగా పిల్లల వివరాలు పరిశీలించి 2021లో ప్రకటించినారు. నెలలు నిండి పుట్టినవారిలో నూటికి 1.4 మందికి ఆటిజం ఉండగా, 28 నుండి 33 వారాల్లో పుట్టినవారిలో 2.6 మందికి, అంతకన్నా ముందు పుట్టినవారిలో 6 మందికి ఉన్నది. అంటే ముప్పు ఎక్కువే గాని, చాలామంది పిల్లలకు రాదు. గనుక భయమూ వద్దు, ఏమరుపాటూ వద్దు.

కోడలు బరువులెత్తింది, నజర్ తగిలింది అని ఆడవాళ్ళను నిందించడం మానాలి. తల్లి ప్రేమ చాలకనే ఆటిజం వస్తుందని ఒకప్పుడు పెద్ద చదువుల వారే అన్నారు. అది తప్పని తేలిపోయింది.

మరి చేయవలసినదేమి? రెండు నెలలు ముందు పుట్టిన బిడ్డకు ఏడాది నిండితే, పది నెలల బిడ్డగా లెక్కించి చూడవలెను. ఆ లెక్కన ఏడాది దాటినా పిలిస్తే పలకకపోయినా, వేలితో చూపకపోయినా, వచ్చిన మాటలు పోయినా ఆలస్యం చేయరాదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లాల్లో డి.ఇ.ఐ.సి. కేంద్రాలు పెట్టినారు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో జాతీయ సంస్థ ఉన్నది. 2016 చట్టం ఆటిజాన్ని వైకల్యాల్లో చేర్చింది, సర్టిఫికెట్ కూడా ఇస్తారు. ఆటిజాన్ని పోగొట్టే మందు లేదు. చిన్ననాడే శిక్షణ మొదలుపెడితే మాట, నడవడి బాగుపడతాయి.

తావీజు కట్టించి ఊరుకోవద్దు. దువా చేద్దాం, దవా కూడా చేయిద్దాం. అల్లాహ్ మన పిల్లలందరినీ చల్లగా చూచుగాక! ఆమీన్.