హాలీ సిక్కా రూపాయి: మేలిదియు దొంగదియు



నేను నివసించు రాంగోపాల్‌పేట సికింద్రాబాదులోని పాతపేటలలో నొకటి. నిజాము రాజ్యకాలమున నీ ప్రాంతమునందు రెండు రూపాయలు చెల్లుచుండెను. దండులో ఇంగ్లీషువారి కలదారు, నగరమున హాలీ సిక్కా. ఆరు కలదారులకు ఏడు హాలీలు రమారమి మారకము. రెండు నాణెములు మారుచోట మూడవదియగు దొంగనాణెము దూరుట వింతగాదు. హాలీ సిక్కా చెలామణి 1959లో ముగిసినను, అవ్వల పెట్టెలలో నది నేటికిని గలదు. అమ్మువారును కొనువారును మోసపోకుండుటకై నాలుగు పరీక్షలు మనవి చేసెదను.

మొదటిది చూపు. 1903 ప్రాంతమున సైఫాబాదు టంకసాల వెలసిన పిదప రూపాయిపై చార్మినారు బొమ్మ యచ్చుపడినది. ఆ బొమ్మ వాకిటిలో నొక యక్షరముండును. మహబూబు అలీఖాను నాణెమున 'మీము', 1911లో గద్దెనెక్కిన ఉస్మాను అలీఖాను నాణెమున 'ఐను'. హిజరీ 1330 తరువాతి సంవత్సరము వేసి వాకిట మీము నిలిపినచో దానిని శంకింపవలయును. ఉర్దూ చదువనేర్చిన వానిచే అంకెలు చదివించుకొనుడు.

రెండవది తూకము. మేలిరూపాయి 11.18 గ్రాములు తూగును. అనగా పాత తులమునకు అర గ్రాము తక్కువ. అరిగినది కొంత తగ్గవచ్చును గాని పెరుగదు. తగరము కలిసిన నాణెము పరిమాణము సరిపోయినను తేలికగా నుండును.

మూడవది అంచు. టంకసాలలో నాణెము అచ్చుల నడుమ బిగువుగా కొట్టబడును. కావున గీతలు తేటగాను, అంచు గాట్లు సమముగాను ఉండును. మూసబోసిన దొంగనాణెమున సన్నని గుంటలు, మొద్దుబారిన యక్షరములు, అంచుచుట్టు అతుకు జాడ కానవచ్చును. వెండిపూత నాణెమున ఎత్తైన చోటుల పూతయరిగి రాగి యెఱ్ఱగా తొంగిచూచును.

నాలుగవది నాదము. వ్రేలికొనపై నిలిపి మరియొక నాణెముతో తట్టినచో వెండి చాలసేపు మ్రోగును, సీసము మూగదగును.

అయితే నొక్క పరీక్షతోనే తీర్పు చెప్పరాదు. 1903కు పూర్వము చేతి సుత్తెతో కొట్టిన రూపాయలు వంకరగా నుండుట సహజము. సరాఫులు వేసిన చిన్న ముద్రలును దోషము గావు. చీనాదేశమునందును వర్తకులు వెండి డాలర్లను పరీక్షించి తమ ముద్రలు వేసెడివారు. అచ్చటను, 1914 నాటి యువాన్ షికాయ్ బొమ్మ డాలరునకు దొంగనాణెములు మెండు. రెండవ ప్రపంచ యుద్ధకాలపు రూపాయలలో వెండిపాలు సగమునకు తగ్గినది; అవి రంగు మారినంతమాత్రమున దొంగవి గావు. చింతపండుతో తోముట, గీటురాయిపై గీయుట మానుడు. నాణెపు విలువ చెడును. సందేహమున్నచో నమ్మకమైన కంసాలిని, నాణెముల నెరిగిన వారిని అడుగుడు.

చివర నొక్క మాట. మా తాతగారి పెట్టెలో 21 హాలీ రూపాయలుండెను. అందు మూడింటిని వేరొక గుడ్డపేలికలో ముడివేసి యుంచిరి. నేను బాలుడనై కారణమడుగగా మా నాయనమ్మ ఇట్లు చెప్పినది: "అవి ధాన్యమమ్మిన నాడు వచ్చిన దొంగరూపాయలు. మీ తాత వాటిని ఏ కూలివానికిని ఇయ్యక, తన నష్టముగానే కట్టిపెట్టుకొన్నాడు." ఆ పేలికను నేను నేటికిని దాచియున్నాను. దొంగనాణెమును గుర్తించుట తెలివి. గుర్తించిన పిదప దానిని ఇంకొకరి చేతిలో పెట్టకుండుట ధర్మము. తెలివి కొరకు ఈ నాలుగు పరీక్షలు చాలును. రెండవదానికి మనస్సే గీటురాయి.

సెలవు.